ఏం ఖరాబ్ చేసిన్రు సారూ?

మా దోస్తు పెద్దులుకు ఒక అలవాటుంది. మనిషి కనబడితే నమస్తే అనడు, మంచిగున్నారా అనడు. "ఏం ఖరాబ్ చేసిన్రు?" అని అడుగుతాడు. తనకంటే చిన్నవాళ్లయితే "ఏం ఖరాబ్ చేసినవ్?" అంటాడు. మర్యాద మారుతుంది గానీ ప్రశ్న మారదు.

కోపంగా అడిగినా బాగుండేది. పండుగ పూట పిండివంటలేం చేశారని అడిగినంత ఆశగా అడుగుతాడు. ఎదుటివాడు ఏదో ఒకటి పాడు చేసే ఉంటాడని అతనికి పూర్తి నమ్మకం.

ఒకసారి జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ సూది పట్టుకుని దగ్గరికొచ్చింది. మావాడు చొక్కా చెయ్యి పైకి మడుస్తూ, "మేడమ్, గిప్పటిదాంక ఏమేం ఖరాబ్ చేసిన్రు?" అన్నాడు. ఆమె సూది పక్కన పెట్టి, నుదురు తాకి చూసి, జ్వరం తలకెక్కిందని ఇంకో సూది కూడా రాసింది.

అతని పెళ్లిచూపులకూ నేనే తోడు వెళ్లాను. దారి పొడుగునా బతిమాలాను. "అరేయ్, ఇయ్యాల ఒక్కరోజు అడగకురా." "అడగను" అన్నాడు. పిల్ల వచ్చి కూర్చుంది. పెద్దలు చదువు గురించి అడిగారు, వంట గురించి అడిగారు. మావాడు గొంతు సవరించుకున్నాడు. నేను కాలు తొక్కాను. అయినా లాభం లేకపోయింది. "ఏం ఖరాబ్ చేసిన్రు?" పిల్ల తండ్రి చేతిలో చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆ పిల్ల మాత్రం తలెత్తి, "పొద్దుగాల మీ కోసం చేసిన ఉప్మా. మాడిపోయింది. మీరు తిన్నది హోటల్‌ది" అంది. మావాడు అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఆమే మా రామమ్మ వదిన.

నేనూ పెద్దులూ నల్లగొండలో ఒకే హాస్టల్‌లో చదువుకున్నాం. అతనికి తీగలు, మోటర్లు అంటే పిచ్చి. నాకు చేతిరాత బాగుంటుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో అతను నార్కట్‌పల్లిలో, హైవే పక్కన, చోటే మియా టైర్ల దుకాణం మీది రెండు గదులు కిరాయికి తీసుకుని 'ఊట టెక్నాలజీస్' అని బోర్డు పెట్టాడు. ఆ ఊరే ఎందుకంటే, నాలుగు దిక్కుల బస్సులూ అక్కడ ఆగుతాయి. నేను ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తా పని మానేసి, అతని దగ్గర పరిపాలన అధికారినయ్యాను. ఉత్తరాలు రాయడం నుంచి నల్లా బాగుచేయించడం వరకు పరిపాలనే.

మేం చేసేది ఒక డబ్బా. బోరు దగ్గర బిగిస్తారు. లోపల ఒక సిమ్ము ఉంటుంది. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే పొలంలో మోటరు ఆన్ అవుతుంది, మళ్లీ చేస్తే బంద్ అవుతుంది. అందులోకి ప్రోగ్రాములు రాసేది అమీనా. డబ్బాలు కట్టి లారీకెక్కించేది జానీ. వీళ్లు కాక ఇంకో పదిమంది.

ప్రతి సోమవారం పొద్దున మీటింగ్. పెద్దులు ఎర్రట్ట పుస్తకం తెరిచి వరసగా అడుగుతాడు. "అమీనా, ఏం ఖరాబ్ చేసినవ్?" "రెండు డబ్బాలకు ఒకటే నంబరు వేసిన సార్." రాసుకుంటాడు. "జానీ?" "వనపర్తి పోయే లారీని గద్వాలకు పంపిన సార్." రాసుకుంటాడు. "వెంకటేశ్?" నేను కళ్లజోడు సర్దుకుని, "ఏం లేదు" అంటాను. నా పేరుకెదురుగా 'ఏం లేదు' అని రాసుకుంటాడు. తొమ్మిదేళ్లుగా అదే. అలా రాసేటప్పుడు అతని ముఖంలో, విందులో ఏమీ తినని చుట్టాన్ని చూసినంత బాధ కనబడేది.

ఆ పుస్తకాన్ని జీతాలు పెంచే ముందు తిరగేస్తాడని నా అనుమానం. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తిరగేయలేదు. అనుమానం పోవడానికి ఆ మాత్రం ఆధారం చాలదు గనక, నేను 'ఏం లేదు' దగ్గరే నిలబడ్డాను.

అలా ఉండగా రెండు వేల ఇరవై మూడు వానాకాలంలో మక్తల్ దగ్గర రైతుల సంఘం ఒకటి ఆరు వందల డబ్బాలు అడిగింది. యాసంగికి, అంటే చలికాలం వేసే పల్లి చేన్లకు, అందాలి గనక దీపావళి లోపల బిగించి ఇవ్వాలి. ముందు నలభై బిగించి చూద్దామన్నారు. బిగించాం. మరుసటి రోజు పొద్దున ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"సారూ, నేను జంగమ్మను. మక్తల్ కాడికెల్లి మాట్లాడుతున్న. నేను ఫోన్ కొడితే గుర్వయ్య మోటరు ఆన్ అయితాంది."

"మరి మీ మోటరు?"

"నాది ఎవరో ఆన్ చేసిన్రు. మడి నిండి బాటెంబడి పారుతాంది. బంద్ చేద్దమని ఫోన్ కొడితే గుర్వయ్యది బంద్ అయింది. గుర్వయ్య వచ్చి నా ఇంటి ముంగట కూసున్నడు. లొల్లి వెట్టుకుంటున్నడు."

"జంగమ్మగారూ, ఒక్క నిమిషం..."

"నిమిషం కాదు సారూ, పొద్దుగాల నుంచి ఊరంత ఒకరి నీళ్లు ఒకరు పారిచ్చుకుంటున్నరు. గిదేం టెక్నాలజీ?"

నలభై మోటర్ల నంబర్లూ జాబితాలో ఒక్కో వరస కిందికి జారాయి. పెద్దులు ఆ సాయంత్రానికే మక్తల్ వెళ్లి మూడు రోజులుండి సరిచేసి వచ్చాడు. తిరిగొచ్చాక అందరినీ కూర్చోబెట్టాడు. సంఘంవాళ్లు ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. మళ్లీ ఇలా జరిగితే డబ్బాలన్నీ పీకి పంపిస్తారు. ఆ పని పోతే రెండు గదులకూ తాళం పెట్టుకోవాల్సిందే.

"మనకు ప్రాజెక్ట్ మేనేజర్ కావాలె" అన్నాడు.

"గాయన ఏం చేస్తడు సార్?" అన్నాడు జానీ.

"ఏ పని ఎవరు చెయ్యాలె, ఎప్పటికి చెయ్యాలె, యాడ ఆగింది, ఎందుకు ఆగింది, గిదంత చూస్తడు."

"గిప్పుడు గది ఎవరు చూస్తున్నరు?"

అందరం పక్కవాళ్ల వైపు చూశాం. జవాబు అందరికీ అర్థమైంది.

ప్రకటన నేనే రాశాను. పదేళ్ల అనుభవం, సర్టిఫికెట్లు, మంచి మాటతీరు అన్నీ పెట్టాను. పెద్దులు చదివి, చివర ఒక వాక్యం చేర్చాడు. 'పనులు ఖరాబ్ చేసిన అనుభవం ఉన్నవారికి ముందు అవకాశం.' నేను అతనికి తెలియకుండా అది తీసేశాను. అతను నాకు తెలియకుండా మళ్లీ పెట్టాడు. అలాగే అచ్చయింది.

ఇంటర్వ్యూలకు పదకొండు మంది వచ్చారు. ఒకాయన, "ఫెయిల్యూర్ అనే మాట నా డిక్షనరీలో లేదు సార్" అన్నాడు. "గట్లయితే గా డిక్షనరీ వాపస్ ఇచ్చెయ్యిండ్రి. కొన్ని పేజీలు పోయినట్టున్నయి" అన్నాడు పెద్దులు. ఇంకొకాయన తనలో ఉన్న లోపం మరీ ఎక్కువ కష్టపడటమే అన్నాడు. "మీ ఆవిడ గూడ గదే అంటదా?" అని అడిగాడు పెద్దులు. ఆయన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. మూడో ఆయనకు కోపమొచ్చి, "నేను ఇంటర్వ్యూకొచ్చానా, పోలీస్ స్టేషన్‌కొచ్చానా?" అంటూ మెట్లు దిగాడు. కింద చోటే మియా ఆయన కారు టైర్లో మేకు చూపించాడు.

తొమ్మిదో మనిషి ఈశ్వర్. మహబూబ్‌నగర్‌వాడు, హైదరాబాద్‌లో ఉంటాడు. ఉక్కపోతలో కోటు, టై, మెడలో పెద్ద కంపెనీ కార్డు. గోడ మీద ఇరవై రెండు స్లైడ్లు వేసి చూపించాడు. ప్రతి స్లైడులో ఒక ప్రాజెక్టు, ప్రతి ప్రాజెక్టుకూ పచ్చటి టిక్కు. నాకు తెగ నచ్చాడు.

"ఏం ఖరాబ్ చేసిన్రు?" అన్నాడు పెద్దులు.

"అన్నీ సక్సెస్ సార్."

"చిన్నదైనా పర్వాలేదు."

"అన్నీ సక్సెసే సార్."

పెద్దులు మూడోసారి చాలా మెల్లగా అడిగాడు. ఈశ్వర్ ఎందుకో గోడ మీది టిక్కుల వంక చూసి, "ఏం లేదు సార్" అన్నాడు. ఆ మాట వినగానే పెద్దులు నా వైపు తిరిగాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

చివరికి వచ్చింది ఎస్తేరు. నకిరేకల్ ఆమె. భర్త అక్కడే టీచరు. పన్నెండేళ్లుగా రోజూ హైదరాబాద్ బస్సెక్కి దిగి అలసిపోయానంది. చేతిలో టిఫిన్ డబ్బా తప్ప స్లైడ్లేమీ లేవు. పెద్దులు ప్రశ్న వినగానే కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"ఒక పెద్ద దవాఖానకు టోకెన్ల మిషన్ చేసినం సార్. తారీకు నేనే చెప్పిన. మా టీంల ఒకామె ఎప్పుడు నోరు విప్పది. ఆమెకు పని కాలేదని ఎరుక. నేను అడగలే, ఆమె చెప్పలే. మొదటి రోజు మిషన్ ఆన్ చేస్తే అందరికీ ఒకటో నంబరే వచ్చింది."

"అందరికీ?"

"నాలుగు వందల మందికి సార్. అందరూ ఒకటో నంబరోళ్లే. ఒక్కరు ఎనుకకు జరగరు."

పెద్దులు కళ్లు మెరిశాయి. "గప్పుడు ఏం చేసిన్రు?"

"పలక ముక్కల లెక్క కాయిదాలు చింపి, చేతితోని నంబర్లు రాసి పంచిన. పొద్దంత నిలబడ్డ. సాయంత్రం, తప్పు నాదని రాసిచ్చిన. గా ఏడాది ప్రమోషన్ పోయింది. గప్పటి సంది ఏ మీటింగ్ అయినా, అందరికంటే తక్కువ మాట్లాడేటోళ్లనే ముందుగాల అడుగుత." ఒక్క క్షణం ఆగి, "మీరేం ఖరాబ్ చేసిన్రు సార్?" అంది.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అతన్ని తిరిగి అడిగినవాళ్లు లేరు. పెద్దులు లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఐటీఐ రోజుల్లో తమ ఊరి సర్పంచి మోటరుకు తీగలు తారుమారుగా కలిపి ఉల్టా తిప్పిన దగ్గర మొదలుపెట్టి గంటన్నర చెప్పాడు. ఎస్తేరు టిఫిన్ డబ్బా తెరిచి, వింటూ తిని, మధ్యలో అతనికీ పెట్టింది. ఆమె వెళ్లగానే, "వెంకటేశ్, ఈమెకు లెటర్ పంపు" అన్నాడు.

పంపాను. నా ఉత్తరాలన్నీ 'ప్రియమైన అభ్యర్థి' అని మొదలవుతాయి. పేర్లు రాయను, ఎందుకంటే పేర్లలో తప్పులు దొర్లుతాయి. ఈమెయిల్‌లో ఇంగ్లీషులో ఆమె పేరు మొదటి రెండక్షరాలు కొట్టగానే మిగతాది కంప్యూటరే నింపింది. దాని తెలివికి మెచ్చుకుని పంపేశాను.

సోమవారం జవాబొచ్చింది. 'ధన్యవాదాలు సార్. ఇప్పటి ఉద్యోగానికి ఈ రోజే రాజీనామా ఇచ్చాను. ఒకటో తారీకు చేరుతాను. మా ఇంట్లో అందరికీ చాలా సంతోషంగా ఉంది. ఈశ్వర్.'

ఆ పేరు మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఈశ్వరే. ఇంగ్లీషులో ఇద్దరి పేర్లకూ మొదటి రెండక్షరాలు ఒకటే. అవతల మీటింగ్ మొదలైంది.

"వెంకటేశ్, ఏం ఖరాబ్ చేసినవ్?"

"ఏం లేదు" అన్నాను. కళ్లజోడు రెండుసార్లు సర్దుకున్నాను. పెద్దులు ఒకసారి చూసి, రాసుకున్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. కానీ తొమ్మిదేళ్ల 'ఏం లేదు' ఒక్క పూటలో ఎలా వదులుకుంటాను? ఎస్తేరుకు కూడా ఒక ఉత్తరం పంపి, ఈశ్వర్‌ను నేనే మెల్లగా వదిలించుకుందామనుకున్నాను. ఫోన్ చేశాను.

"ఈశ్వర్‌గారూ, చేరేముందు కొన్ని సంగతులు చెప్పాలె. మా ఆఫీసుల ఏసీ లేదు."

"అడ్జస్ట్ అయిత సార్."

"కింద టైర్ల దుకాణం. పొద్దంత రబ్బరు వాసన."

"అడ్జస్ట్ అయిత సార్."

"లారీల హారన్లకు పక్కనోడు మాట్లాడేది వినపడది."

"గట్టిగ మాట్లాడుకుందం సార్."

"కోతులొస్తయి. మొన్న అమీనా టిఫిన్ ఎత్తుకపోయినయి."

"రోజు రెండు డబ్బాలు తెస్త సార్, కోతులకొకటి."

అంత పెద్ద కంపెనీ మనిషికి మా రెండు గదుల మీద ఇంత మోజేమిటో నాకు అంతుబట్టలేదు. ఇంకా ఏం చెప్పినా అడ్జస్ట్ అవుతాడని భయపడి ఫోన్ పెట్టేశాను.

ఒకటో తారీకు వచ్చింది. ఎనిమిదిన్నరకే ఈశ్వర్ మిఠాయి డబ్బాతో వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. తొమ్మిదికి ఎస్తేరు వచ్చి అదే బెంచీ మీద రెండో చివర కూర్చుంది.

"నేను ప్రాజెక్ట్ మేనేజర్‌గ చేరుతున్న" అన్నాడు ఈశ్వర్ మర్యాదగా.

"నేను గూడ" అంది ఎస్తేరు.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఇద్దరికీ చాయ్ ఇచ్చి, మెట్ల మీదికి పోయి నిలబడ్డాను. పెద్దులు హెల్మెట్ పట్టీ విప్పుకుంటూ పైకి వస్తున్నాడు. నన్ను చూసి రోజూ అడిగినట్టే అడిగాడు.

"ఏం ఖరాబ్ చేసినవ్?"

"చేసిన" అన్నాను.

సగం ఊడిన హెల్మెట్ అలాగే ఆగిపోయింది. "ఏందీ?"

"ఖరాబ్ చేసిన. పెద్దదే." అంతా చెప్పాను. ఉత్తరం, కంప్యూటర్, కోతులు, అన్నీ.

అతను తిడతాడనుకున్నాను. హెల్మెట్ నా చేతిలో పెట్టి, నన్ను గట్టిగా కౌగలించుకుని, లోపలికి పరుగెత్తాడు. "అమీనా! జానీ! వెంకటేశ్ ఖరాబ్ చేసిండు!" ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. అమీనా లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. కింద నుంచి చోటే మియా, "ముబారక్ హో వెంకటేశ్ సాబ్!" అని అరిచాడు. మిర్చి బజ్జీలు తెప్పించారు. నా పెళ్లిరోజున కూడా ఇంత హడావుడి జరగలేదు.

బజ్జీ పట్టుకున్నాకే పెద్దులు ముఖం మారింది. "గాయన ఉన్న నౌకరీ ఇడిచి వచ్చిండా?"

మేం నలుగురం లోపలి గదిలో కూర్చున్నాం. ఉత్తరం పొరపాటున వచ్చిందని, తప్పు పూర్తిగా నాదేనని ఈశ్వర్‌కు చెప్పాను. అతను మిఠాయి డబ్బా ఒళ్లోకి తీసుకుని దారం ముడి బిగించాడు.

"మీ పాత కంపెనీతోని నేను మాట్లాడుత. కాళ్లు పట్టుకోవాలంటే పట్టుకుంట" అన్నాడు పెద్దులు.

"అక్కర్లేదు సార్. నేను రాజీనామా చెయ్యలే. చేద్దమన్నా నౌకరీ లేదు. మార్చిలనే తీసేసిన్రు."

మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఆరు నెలలుగా రోజూ ఎనిమిదింటికి అదే వేసుకుని ఇంట్లో నుంచి బయలుదేరుతున్నాడట. పగలంతా లైబ్రరీలో కూర్చునేవాడు. ముప్ఫై ఒక్క ఇంటర్వ్యూలకు వెళ్లాడు. ఏ ఒక్కచోటైనా ఖాళీగా ఉన్నానంటే తీసుకోరని భయం. భార్య రమకు చెబితే బెంగ పెట్టుకుంటుందని ఇంకా భయం.

పెద్దులు పుస్తకం తెరవలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ముందుగాల ఇంటికి ఫోన్ చెయ్యిండ్రి" అన్నాడు.

ఈశ్వర్ నంబరు నొక్కుతుంటే వేలు స్పీకర్ బటన్ మీద పడింది. అందరికీ వినబడింది.

"రమా, నీకొకటి చెప్పాలె. నా నౌకరీ పోయి ఆరు నెలలైంది."

"నాకు ఎరుకే" అంది అవతల గొంతు.

"ఎట్ల?"

"పదేండ్ల సంది రాత్రి తొమ్మిదికి వచ్చేటోనివి. మార్చి నుంచి అయిదున్నరకే ఇంట్ల ఉంటున్నవ్. నౌకరీ ఉన్నోడు గట్ల వస్తడా?"

"మరి అడగలేదేంది?"

"నువ్వే చెప్తవని చూస్తున్న. మిఠాయి ఎవరికన్న ఇచ్చినవా, పట్టుకొనే తిరుగుతున్నవా?"

ఎస్తేరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈశ్వర్ కూడా నవ్వి, కళ్లు తుడుచుకుని, మిఠాయి పంచాడు.

సమస్య మాత్రం అలాగే ఉంది. ఒక కుర్చీ, ఇద్దరు మేనేజర్లు. ఎస్తేరు గోడ మీది మక్తల్ పనుల పట్టికను వేలుపెట్టి చదువుకుంటూ పోయి, ఒకచోట ఆగింది. "వెంకటేశ్ సార్, ఊరూరికి పోయి రైతులకు డబ్బా వాడుడు నేర్పేది ఎవరు?"

"ఇంకా ఎవరూ లేరు."

"గా పని ఎవరి పేరు మీద రాసి ఉన్నది?"

చూశాను. నా పేరే. మనిషిని వెతికే పని జూన్ నుంచి నా దగ్గరే ఉంది.

"ఒక్కరోజు రెండు ఖరాబులు!" అన్నాడు పెద్దులు సంబరంగా.

రైతులకు నేర్పే ఆ పని మూడు నెలలకు ఈశ్వర్‌కు దొరికింది. మక్తల్‌లో రెండో రోజుకే టై విప్పాడు, వారానికి కోటు వదిలాడు. ఇక్కడ ఎస్తేరు మీటింగ్‌లో ముందు అమీనాను అడిగేది, ఎందుకంటే అందరికంటే తక్కువ మాట్లాడేది ఆమే. పెద్దులు సంఘంవాళ్లకు ఫోన్లో "పది రోజుల్ల అయిపోతది" అనబోతే, ఎస్తేరు ఫోన్ లాక్కుని, "పందొమ్మిది రోజులు" అని పెట్టేసేది. పందొమ్మిదో రోజున అయిపోయేది. ఆరు వందల డబ్బాలూ దీపావళికి నాలుగు రోజుల ముందే బిగించారు.

డిసెంబర్‌లో ఈశ్వర్ హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటూ ఒక సిఫారసు ఉత్తరం అడిగాడు. పెద్దులు చెబుతుంటే నేను టైపు చేశాను. 'ఈయన మా దగ్గర మూడు నెలల్లో పదకొండు పనులు ఖరాబ్ చేసినాడు. పదకొండూ అదే రోజు వచ్చి చెప్పినాడు.' అంతే. ఇది చదివితే అతన్ని గేటు లోపలికి కూడా రానివ్వరని వాదించాను. ఈశ్వర్ ఆ కాగితంతోనే వెళ్లాడు. వాళ్లు మరునాడే చేరమన్నారు.

ఆ నెలలోనే పని పూర్తయినట్టు సంఘంవాళ్ల సంతకాలు తీసుకోవడానికి నేను మక్తల్ వెళ్లాను. జంగమ్మను అప్పుడే మొదటిసారి చూశాను. డెబ్బై దాటిన మనిషి. చేను గట్టు మీద కూర్చుని, ఫోన్ కొట్టి మోటరు బంద్ చేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఎవరో ఉడకబెట్టిన పల్లికాయ తెచ్చి పెట్టారు.

"మీ పెద్దులు సారు మంచిగున్నడా బిడ్డా?"

"మంచిగనే ఉన్నడవ్వా."

"పాపం. గాయనతోని కంపెనీ ఎట్ల నడుస్తాందో!"

"ఎందుకట్లంటున్నవ్?"

"ఎన్ని ఖరాబులు చేస్తడయ్యా! మా మోటర్లు తారుమారు చేసింది ఆయననేనంట. మూడు దినాలు ఇంటింటికి తిరిగి, 'తప్పు నాది అవ్వా, నా పిల్లలను ఏమనకుండ్రి' అని చెప్పిండు. డబ్బాల లారీ గద్వాలకు పోయింది గూడ ఆయన చేసిందేనంట."

మోటర్ల జాబితా జార్చింది అమీనా. లారీ జానీది. సోమవారం పుస్తకంలో వాళ్ల పేర్ల కిందే ఉన్నాయి. పుస్తకంలో రాసుకున్నవన్నీ అతను బయటికెళ్లి ఎవరి పేరు మీద చెబుతున్నాడో నాకు అప్పటిదాకా తెలియదు. నా చేతిలో ఒలిచిన పల్లికాయ అలాగే ఉండిపోయింది.

"గవి వదిలెయ్యి. మొన్న వచ్చినప్పుడు ఏం చెప్పిండో తెలుసా? నౌకరీ కాయిదం ఒకరికి పంపబోయి ఒకరికి పంపిండంట! గంత చదువుకున్నోడు. ఆయననే చెప్పుకుంట నవ్వుతాండు."

"అవ్వా, గా కాయిదం పంపింది ఆయన కాదు. నేను."

జంగమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. కళ్లజోడు చూసింది, ఇస్త్రీ చొక్కా చూసింది, జేబులో రెండు పెన్నులు చూసింది.

"చల్! మీ సారును కాపాడనీకి అంటున్నవ్."

"నిజం అవ్వా. ఒట్టు. నేనే చేసిన."

"మంచోనివి బిడ్డా. నీ అసొంటోడు పక్కన ఉండబట్టే ఆయన నెగ్గుకొస్తున్నడు. నీ మొఖం చూస్తేనే ఎరుకైతాంది, నువ్వు ఏం ఖరాబ్ చేసేటోనివి కాదు."

ఇంకో రెండుసార్లు ఒప్పుకున్నాను. చెప్పిన కొద్దీ ఆమె దృష్టిలో నా మంచితనం పెరిగిపోతోంది. చివరికి నోరు మూసుకున్నాను. ఆమె మూడు కిలోల పల్లికాయ సంచిలో పోసి నా భుజానికి తగిలించింది.

"గివి మీ సారుకియ్యి. ఏం ఫికర్ చెయ్యొద్దని చెప్పు. ఇంక వయసున్నది, నేర్చుకుంటడు."

బస్సులో మహబూబ్‌నగర్ దాటేసరికి అందులో సగం నేనే తిన్నాను. మరునాడు పొద్దున మిగతా సగం పెద్దులు బల్ల మీద పెట్టి, అతను నోరు తెరిచి అడిగే లోపలే, సగం తిన్నది నేనేనని చెప్పేశాను.